వార్డెన్ సంతకం మన సంతకం కాదు



ఒక లెక్కతో మొదలుపెడదాం. 9,543 కాగితాలు. అందులో 1,948 కాగితాల మీద వేలిముద్రలు. 2,763 కాగితాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఇది బియ్యం లెక్క కాదు, దుప్పట్ల లెక్క కాదు. ఆడపిల్లల ఒంట్లోకి సూదిమందు ఎక్కించడానికి తల్లిదండ్రులు అన్నీ తెలుసుకుని ఒప్పుకున్నారని చూపించిన పత్రాల లెక్క. ఏ సంఘం కరపత్రంలోదో అనుకునేరు. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఉంది. మన పిల్లల గురించి దేశ చట్టసభే రాసిన మాట ఇది. మనలో ఎంతమంది చదివాం?

జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే టీకా అది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. పక్కన నిలబడింది మన ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. మందు మెర్క్ కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇచ్చిన గార్డసిల్. దాదాపు 14 వేల మంది పిల్లలకు వేశారు. అదే సమయంలో గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని జరిగింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న వాళ్ళలో చాలామంది ఆదివాసీ పిల్లలు, అమ్మానాన్నలకు దూరంగా హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు.

హాస్టళ్ళే ఎందుకు? ఆలోచించండి. ఒక్క గంట కొడితే రెండొందల మంది వరసలో నిలబడతారు. ప్రశ్న అడిగే తల్లి అక్కడ ఉండదు. ఎదురుచెప్తే వార్డెన్‌కి కోపం వస్తుందని పిల్లకి తెలుసు. పరిశోధన చేసేవాడికి ఇంతకన్నా సుఖమైన చోటు దొరుకుతుందా?

ఇద్దరు గుజరాత్ పిల్లలు, అయిదుగురు మన పిల్లలు చనిపోయారు. గొడవ లేచింది. మహిళా సంఘాలు భద్రాచలం వెళ్ళి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ కమిటీ తేల్చింది. పాము కాటు, నీట మునగడం, పురుగుల మందు, మలేరియా, ఇలాంటివే కారణాలంది.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. టీకా చంపిందని మనం అనడం లేదు. రుజువు లేని మాట మనకు వద్దు. కానీ సంబంధం లేదని చెప్పినంత మాత్రాన తప్పు మాసిపోతుందా? ఒప్పుకోలు లేకుండా పిల్ల ఒంటి మీద చెయ్యేయడమే తప్పు. ఆ పిల్ల నూరేళ్ళు బతికినా అది తప్పే. పార్లమెంటు సంఘం కూడా సరిగ్గా అదే అంది: ఇది మానవ హక్కుల ఉల్లంఘన, పిల్లల మీద జరిగిన దుర్మార్గం అని. టీకాను ప్రభుత్వ కార్యక్రమంలోకి ఎక్కించి కంపెనీలకు మార్కెట్ తెరవడమే దీని వెనక ఉద్దేశమని కూడా రాసింది.

వాళ్ళ సమాధానం ఏంటో తెలుసా? ఇది ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు, పరిశీలన మాత్రమే అన్నారు. పేరు మారిస్తే సూది మారుతుందా? ఇంకో సంగతి. ఆ పార్లమెంటు నివేదికను కోర్టులో ఆధారంగా చూడొచ్చా లేదా అన్నది తేలడానికే 2018 మే 9 దాకా పట్టింది. సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలు కూర్చుని, చూడొచ్చు అన్నారు. కాగితం చదవొచ్చా అని తేలేసరికి, 2009లో పన్నెండేళ్ళున్న పిల్లకి ఇరవై ఒకటి వచ్చేసింది.

"నువ్వుండేది ముక్తేశ్వరం. కొబ్బరితోటల మధ్య కూర్చుని భద్రాచలం గొడవ నీకెందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకో మాట. వరదల రోజుల్లో మా ఊళ్ళో పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది అని. 43 దాటితే మొదటి హెచ్చరిక. మేం లంకల్లో పశువుల్ని గట్టుకి తోలుకుంటాం, కోటిపల్లి పంటు ఆగిపోతుంది. పైన పెరిగిన ప్రతి అడుగూ మాకు లెక్కే. మరి పైన 14 వేల మంది పిల్లలకు జరిగింది మాకు ఎందుకు లెక్క కాలేదు? గోదావరి నీళ్ళ కబురు మోసింది, పిల్లల కబురు మోయలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో ముక్తేశ్వరం కూలి తల్లీ, చింతూరు కోయ తల్లీ పక్కపక్క మంచాల మీదే పడుకుంటారు. చదవలేని కాగితం ఇద్దరి ముందుకీ వస్తుంది. కాబట్టి ఇది ఏజెన్సీ సంగతి మాత్రమే కాదు.

ఇప్పుడు మనలో కొందరికి నచ్చని మాట చెప్పాలి. ఖమ్మం కథ చెప్పి, "టీకాలన్నీ మోసం, వేయించుకోవద్దు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు మన స్నేహితులు కారు. 2022 అంచనాల ప్రకారం ఈ క్యాన్సర్ ఆ ఒక్క ఏడాదే మన దేశంలో సుమారు 1.27 లక్షల మంది ఆడవాళ్ళకు వచ్చింది, దాదాపు 80 వేల మందిని తీసుకుపోయింది. పరీక్ష చేసే డాక్టరు దూరంగా ఉన్న ఆడమనిషికే ఇది ముదిరాక బయటపడుతుంది. అంటే ఎవరికి? మన అమ్మలకి, అక్కలకి.

టీకా పనిచేస్తుంది. దాని వెనక ఉన్న కథ కూడా వినండి. 2009లోనే దేశంలో ఇంకోచోట్ల రెండు డోసులా, మూడు డోసులా అని వేరే అధ్యయనం మొదలైంది. ఖమ్మం గొడవతో 2010లో దాన్నీ ఆపేశారు. కొందరు పిల్లలకు ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళని వదలకుండా ఏళ్ళ తరబడి గమనించారు. టీకా వేసిన 17,729 మందిని చూసి, ఒక్క డోసు కూడా దాదాపు అంతే కాపాడుతోందని 2021లో ప్రకటించారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డోసు పద్ధతిని కూడా ఒప్పుకుంది. ప్రపంచమంతా మందు ఆదా అయింది. అంటే మన పిల్లల పేరున లేచిన గొడవ చివరికి లోకానికి విజ్ఞానం అయింది. మరి ఆ విజ్ఞానంలో భద్రాచలం హాస్టల్ పిల్లకు తిరిగొచ్చింది ఏంటి? కనీసం ఒక ఉత్తరం? ఒక క్షమాపణ?

ఇది పాత కథ అని పక్కన పెట్టకండి. సికిల్ సెల్ చూడండి. 2023 జులై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్ష అంది. ఊరూరా రక్తం తీసి, చేతిలో కార్డు పెడుతున్నారు. అదే ఏడాది చివర బ్రిటన్, అమెరికా ఈ జబ్బుకి జన్యు చికిత్సను ఆమోదించాయి. అమెరికాలో ఒక్క రోగికి ధర 22 లక్షల డాలర్లు. 2025 నవంబరులో మన దేశపు శాస్త్రవేత్తలు తయారుచేసిన చికిత్సకి బిర్సా 101 అని పేరు పెట్టారు. మంచిదే. కానీ బిర్సా పేరు సీసా మీద పెడితే చాలదు, బిర్సా మనుషులకి ప్రశ్న అడిగే హక్కు ఉండాలి. రేపు ఈ మందుల ట్రయల్స్‌కి ఎవరి దగ్గరికి వస్తారు? జబ్బు ఎక్కడుందో అక్కడికే. మన దగ్గరికే.

రానివ్వండి. తలుపు మూయొద్దు. కానీ గుమ్మంలో నిలబెట్టి ఇవి అడగండి.

ఒకటి: మా భాషలో చెప్పు. తెలుగు కాగితం చాలదు. కోయ, కొండరెడ్డి ఇళ్ళల్లో అర్థమయ్యేలా నోటితో చెప్పు. చదువు రానివాళ్ళుంటే ఏ పక్షానికీ చెందని సాక్షి మొదటినుంచి చివరిదాకా అక్కడ ఉండాలి. సంతకం పెట్టిన కాగితం నకలు మా చేతికి రావాలి. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఇవి ఉన్నాయి.

రెండు: పిల్లలైతే అమ్మానాన్నల్ని పిలువు. వార్డెన్ అన్నం పెట్టడానికి, ఒళ్ళు అమ్మడానికి కాదు. ఏడేళ్ళు దాటిన పిల్లనైతే పిల్లనీ అడుగు.

మూడు: ఎథిక్స్ కమిటీ అనుమతి ఏది? ట్రయల్ కాదు, పరిశీలనే అంటావా? అయినా చూపించు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో నమోదు నంబరు చెప్పు. మా ఊరి చదువుకున్న పిల్లలు ఫోన్లో వెతుకుతారు.

నాలుగు: ట్రయల్ మందు వల్ల మాకేమైనా అయితే ఉచిత వైద్యం ఎక్కడ, పరిహారం ఎవరిస్తారు? పేరు, ఫోన్ నంబరు రాసివ్వు.

అయిదు: ఫలితం వచ్చాక ఊళ్ళోకి తిరిగొచ్చి చెప్పు. మందు పనిచేస్తే ముందు మాకివ్వు. ఆదివాసీల మీద చేసే పరిశోధన లాభం ఆదివాసీలకు చేరాలని, పెద్దలు ఒప్పుకున్నా ప్రతి మనిషినీ విడిగా అడగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలే చెప్తున్నాయి. మనం కొత్తగా కోరేదేమీ లేదు.

ఈ అయిదు ప్రశ్నలూ కాగితం మీద రాసి మీ ఊరి హాస్టల్ గోడకి అంటించండి. ఆశా అక్కకి వినిపించండి. గ్రామసభలో చదవండి. ఇంటర్ చదివే చెల్లి ఒక్కతి గట్టిగా చదివినా చాలు, వచ్చినవాడు ఆగి సమాధానం చెప్పాల్సిందే.

మన రక్తం తీసుకెళ్ళేవాడు మన పేరు అడిగి, మన మాట విని తీసుకెళ్ళాలి. ఇంక మన తరఫున ఎవరూ సంతకం పెట్టకూడదు.