వీపీఎన్ కూడా తాయెత్తేనా?

తాయెత్తు కడితే దెయ్యం అంటదనేవాణ్ణి మనం నిలదీస్తాం. రుజువేదీ అంటాం. మరి "వీపీఎన్ పెట్టుకో, ఎవరికీ కనపడవు" అంటే మాత్రం నోరెత్తకుండా నమ్ముతున్నాం! 1985లో ప్రబీర్ ఘోష్ హేతువాద సంఘం పెట్టిన ఈ కోల్‌కతాలోనే కొందరు మిత్రులు కొత్త మాట అందుకున్నారు. కొన్న వీపీఎన్‌ను నమ్మలేమట, ఇంట్లోనే సొంత సర్వరు పెట్టుకుంటే మనల్నెవరూ పట్టుకోలేరట. మొదటి సగం సబబు. రెండో సగం శుద్ధ మూఢనమ్మకం.

అమ్మేవాళ్ళు "మిలిటరీ గ్రేడ్" అంటారు. రక్షణ లెక్కల శాఖలో ఉద్యోగమంతా బిల్లులు చూశాను, ఆ పేరుతో గ్రేడేదీ నాకు తగల్లేదు. వాళ్ళు చెప్పే ఏఇఎస్, 2001లో అమెరికా సంస్థ ఒకటి అందరికీ ప్రకటించిన ప్రమాణం. "మీ రికార్డులేవీ ఉంచం" అంటారు. పుస్తకాలు చూపకుండా ఆడిట్ పాసు చేయమన్నట్టుంది! పైగా 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, వీపీఎన్ సేవలందించేవాళ్ళు చందాదారుల పేర్లు, చిరునామాలు 5 ఏళ్ళు భద్రపరచాలని ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ వంటివి ఇండియాలోని సర్వర్లు ఎత్తేశాయి.

సరే, సొంతది పెడదాం. పాత కంప్యూటరో, రాస్ప్‌బెర్రీ పై బోర్డో చాలు. వైర్‌గార్డ్ ఉచితం, 2020లో లినక్స్ కెర్నెల్లోనే చేరింది. సర్వరుకో జత తాళంచెవులు, ఫోనుకో జత. ప్రైవేటు చెవి ఎక్కడిదక్కడే ఉంటుంది, పబ్లిక్ చెవులే మార్చుకోవాలి. రౌటర్లో ఒక యూడీపీ పోర్టును, మామూలుగా 51820ని, సర్వరు వైపు తిప్పాలి. ముందుగా రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపల ఉంటే, ప్రొవైడరు ఒకే చిరునామాను పదిమందికి పంచుతున్నట్టే. ఆ దారిన బయటినుంచి మీ ఇంటికి తలుపు లేదు. పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి.

ఇక పరీక్ష. వైఫై ఆపి, మొబైల్ డేటాతో సర్వరుకు కలవండి. ఐపీ చూపే సైటేదైనా తెరవండి. మీ ఇంటి కనెక్షన్ చిరునామా కనబడితే వీపీఎన్ పనిచేస్తున్నట్టు. మీరు ఎక్కడా దాక్కోలేదనడానికీ అదే రుజువు! ఆ కనెక్షన్ ఎవరి పేరునుంది? బిల్లు కట్టేదెవరు?

మరి ప్రయోజనం లేదా? ఉంది. హౌరా స్టేషన్ వైఫైలో కూర్చున్నా, ఫోనుకూ ఇంటికీ మధ్య వెళ్ళేది ఎవరూ చదవలేరు. ఇంట్లోని ఫైళ్ళను లోకానికి తెరిచిపెట్టకుండా మీరొక్కరే అందుకోవచ్చు. అంతవరకే.

బాబాలను ప్రశ్నిస్తూ మారుపేర్లతో రాసే కుర్రాళ్ళు మనలో ఉన్నారు. 2013లో పుణెలో ఉదయపు నడకకు వెళ్ళిన దభోల్కర్‌ను కాల్చి చంపిన దేశమిది. ఆ కుర్రాళ్ళకు "ఇంట్లో సర్వరుంది, భయం లేదు" అని చెప్పడం తాయెత్తు కట్టి పాము పుట్టలో చెయ్యి పెట్టమనడమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది ధర్మాసనం తేల్చింది. ఆ హక్కు కోసం గొంతెత్తాల్సింది మనుషులు. ఆ పని పెట్టెకు అప్పజెప్పి నిద్రపోతే, తాయెత్తు కట్టుకున్నవాణ్ణి వెక్కిరించే అర్హత మనకెక్కడిది?