డబ్బు ఖర్చయింది, మరి ఫలితం?

మా నాన్న కొత్త వంగడం వచ్చిందంటే ఉన్న పొలమంతా దాంతో నింపడు. అరెకరంలో వేసి, పక్కనే పాత వంగడం ఉంచి, కోతలయ్యాక రెంటి బస్తాలూ లెక్కపెట్టి చూస్తాడు. ఈ మాత్రం జాగ్రత్త ప్రజల సొమ్ము ఖర్చుపెట్టే ప్రభుత్వాలకు అక్కర్లేదా?

కోవిడ్ దెబ్బ నుంచి కోలుకోవడానికి అమెరికా 2021 మార్చిలో ఒక చట్టం చేసి రాష్ట్రాలకు, కౌంటీలకు, నగరాలకు, గిరిజన ప్రభుత్వాలకు 35,000 కోట్ల డాలర్లు కేటాయించింది. 2024 ఆఖరుకి పద్దులు ఖరారు కావాలి, 2026 ఆఖరుకి ఖర్చు పూర్తి కావాలి అని గడువు పెట్టింది. అంకె పెద్దదే గాని, నాకు నచ్చింది ఇంకొక సంగతి. కొన్ని పద్దుల్లో ఎంత సొమ్ము రుజువైన పద్ధతుల మీద పెడుతున్నారో చెప్పమని అక్కడి ఖజానా శాఖ అడిగింది. పథకాన్ని శాస్త్రీయంగా పరీక్షిస్తుంటే ఆ లెక్క చెప్పనక్కర్లేదంది.

అదంతా డబ్బున్న దేశాల ముచ్చట అనుకోవద్దు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2010లో, ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డులతో ఇవ్వబూనినప్పుడు, 8 జిల్లాల్లో 157 మండలాలకు లాటరీ వేశారు. 112 మండలాలకు ముందు వంతు, 45 మండలాలకు తర్వాతి వంతు. రెండేళ్లకు చూస్తే సగం చెల్లింపులే కార్డుల మీదికి వచ్చాయి. అయినా కూలీ త్వరగా అందింది, మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గింది.

"పేదల మీద ప్రయోగాలా?" అని మా హాస్టల్లో ఒక మిత్రుడు కోప్పడ్డాడు. నిజమే, ఆకలితో ఉన్నవాడికి ముందు అన్నం పెట్టాలి, లెక్కలు తర్వాత. వరదొచ్చిన రోజున ఎవరూ చీటీలు తీయకూడదు. కానీ ఎలాగూ ఒకేసారి అందరికీ అందని పథకంలో వరస ఎవరు నిర్ణయించాలి? పలుకుబడి ఉన్నవాడా? అంతకన్నా చీటీ నయం కాదూ! పైగా పరీక్షించకుండా రాష్ట్రమంతా రుద్దడం కూడా ప్రయోగమే. కాకపోతే ఫలితం రాసుకోని ప్రయోగం. లాబొరేటరీలో మనం అలా చేస్తే రికార్డు మీద మాస్టారు సంతకం పెడతారా?

ఏ పునరుద్ధరణ నిధి అయినా సరే, నూటికి ఒక్క రూపాయి ఫలితం కొలవడానికి తీసిపెట్టాలి. వచ్చిన లెక్క మంచిదైనా చెడ్డదైనా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. రేపు ఆఫీసర్లు కాబోయే మిత్రులారా! ఎంత ఖర్చయిందని అడిగిన నోటితోనే ఎంత పండిందని కూడా అడగండి.