పిల్లల పేర్ల మీద సర్కారు పెత్తనం వద్దు

బెంగళూరుకు దగ్గర్లోని బిడది పక్కన, భద్రాపురలో హక్కిపిక్కి కుటుంబాలు పిల్లలకు గూగుల్, కాఫీ, హైకోర్టు, మైసూర్‌పాక్ అని పేర్లు పెట్టుకున్నాయి. తరతరాలుగా పిట్టలు పట్టి బతికినవాళ్లు కొత్త లోకంలో తమకు గొప్పగా తోచినవాటిని బిడ్డలకు ఇచ్చుకున్నారు. దానికి బెంగళూరు నవ్వుతుంది. నవ్వి ఊరుకోక, ఇలాంటి పేర్లను ప్రభుత్వం ఆపాలనేవాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం వాళ్ల వేటను తీసేసింది. ఇప్పుడు పేర్లూ తీసేస్తారా? 1969 జనన మరణాల నమోదు చట్టం పేరు రాసుకోమంది గానీ, దాని మంచిచెడ్డలు తేల్చే పని రిజిస్ట్రారుకు అప్పగించలేదు.

పేర్లను ఆపాలంటే ఒప్పుకోదగిన పేర్ల జాబితా కావాలి. దాన్ని రాసేదెవరు? చరిత్రలో ఆ కలం ఎప్పుడూ పైవాడి చేతిలోనే ఉంది. శూద్రుడి పేరు రోత పుట్టించేలా ఉండాలని మనుస్మృతి శాసించింది. 1938లో హిట్లర్ ప్రభుత్వం యూదులకు విడిగా పేర్ల జాబితా అచ్చువేసి, అందులో లేని పేరున్న ప్రతి మగవాడికీ ఇజ్రాయెల్ అని, ఆడమనిషికి సారా అని తగిలించింది. 1984 చివర్లో బల్గేరియా అక్కడి తురుష్కుల పేర్లను బలవంతంగా మార్పించింది. మన సంగతే చూడండి. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, ఈ బిడ్డయినా బతకాలని పెంటయ్య అని పిలుచుకుంది. నాస్తికవాది గోరా, ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుక్కి లవణం అని, 1939లో యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడికి సమరం అని పెట్టారు. ఏ గుమాస్తా ఈ మూడు పేర్లకు ముద్ర వేసేవాడు? తల్లి భయం, తండ్రి రాజకీయం, ఒక జాతి ఆశ్చర్యం ఆఫీసు బల్ల మీద పరీక్షకు నిలబడాల్సినవి కావు.

బడిలో పిల్లలు ఏడిపిస్తారు కదా అంటారు. ఏడిపించేవాళ్లను అదుపులో పెట్టాల్సింది బడి; ఏడ్చే బిడ్డ పేరు కొట్టేయడం న్యాయం కాదు. తల్లిదండ్రులు పేరు దగ్గర తగాదాపడితే కోర్టులున్నాయి, 2023లో కేరళ హైకోర్టు తానే ఒక బిడ్డకు పేరు ఎంచింది. పెట్టిన పేరు నచ్చని బిడ్డకు మాత్రం దారి చూపాల్సిందే. పేరు మనిషి భావప్రకటనలో భాగమని 2021లో సుప్రీంకోర్టు సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. అయినా అఫిడవిట్టు, పత్రికా ప్రకటన, గెజెట్ అంటూ తిప్పుతూనే ఉన్నారు. పద్దెనిమిదేళ్లు నిండినవారు రుసుము లేకుండా, ఒకే దరఖాస్తుతో అన్ని రికార్డుల్లో పేరు మార్చుకునేలా చట్టం తేవాలి. బెంగళూరులో ఓటున్న తెలుగువారలారా, జాబితా వద్దని, ఈ చట్టం కావాలని మీ ఎమ్మెల్యేకు ఈ వారమే రాయండి.