కాలువకిచ్చే సెలవు పిల్లలకేదీ?

దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర డెల్టా కాలువలు కట్టేస్తారు. పూడిక తీతకూ, గట్ల మరమ్మతులకూ, లాకుల బాగుకూ అదే అదను. జూన్‌లో సార్వాకు మళ్లీ నీళ్లు వదులుతారు. కాలువ కట్టకపోతే పూడిక తీయలేమని గోదావరి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. అదే రైతు తన బిడ్డను మాత్రం మే నెల ఎండలో వేసవి తరగతుల బస్సెక్కిస్తున్నాడు.

2025లో రాష్ట్రంలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులిచ్చారు. లెక్కకు 49 రోజులు. ఫౌండేషన్, బ్రిడ్జి కోర్సు అంటూ కొన్ని ప్రైవేటు సంస్థలు వాటిని కొరికేస్తున్నాయి. పదో తరగతి ఆఖరి పరీక్ష రాసిన సిరా ఆరకముందే చేతిలో ఇంటర్ పుస్తకం పెడుతున్నాయి.

పోటీ పరీక్షల కాలమిది, ఊరికే కూర్చుంటే వెనకబడతారని తల్లిదండ్రుల బెంగ. అమ్మమ్మగారి ఊళ్లో పిల్లలు ఊరికే కూర్చోరు. ఆవకాయకు కాయ కొట్టే రోజున పాళ్లు తెలుస్తాయి. ముంజకాయల బండి తోలితే ఇరుసు తెలుస్తుంది. ఆత్రేయపురంలో చాపల మీద పొరపొరగా ఎండే తాండ్ర చూస్తే ఓపిక తెలుస్తుంది. పంటు మీద ఏరు దాటి లంకకు వెళితే గోదావరి పాయలు పటం లేకుండానే అర్థమవుతాయి.

ఏటి భయం లేదనలేం. 2025 మేలో కోనసీమలోని కమినిలంక వద్ద స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు మునిగిపోయారు. దానికి జవాబు పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేయడం కాదు. ప్రమాదకర రేవుల్లో కాపలా పెట్టడం, పెద్దల కనుసన్నల్లో ఈత నేర్పడం.

సెలవుల్లో తరగతులు నడపొద్దన్న హెచ్చరిక ప్రకటనతోనే విద్యాశాఖ చేతులు దులుపుకోకూడదు. సెలవుల్లో తలుపు తెరిచిన ప్రతి బడినీ తనిఖీ చేసి మూయించాలి, వసూలు చేసిన ఫీజు వెనక్కిప్పించాలి. వెళ్లడానికి ఊరు లేని పిల్లలూ, బడి మూస్తే మధ్యాహ్న భోజనం కూడా పోయే కూలీల పిల్లలూ ఉన్నారు. వారికోసం గ్రంథాలయాల వేసవి శిబిరాలను ఊరూరా విస్తరించి, అక్కడే ఒక పూట అన్నం పెట్టాలి.

తల్లిదండ్రుల పని ఇంకా తేలిక. ఈ వేసవి ఫీజు కట్టకండి. ఆ డబ్బులో బస్సు చార్జీ పోగా మామిడిపళ్లకు కూడా మిగులుతుంది.