తాళంకంటె ముందు గుర్తు

పెద్ద రైల్వే జంక్షన్ల మీదుగా ప్రయాణించినవారికి ప్లాట్‌ఫారం మీద వరుసగా పేర్చి ఉండే నల్లని ఇనుప పెట్టెలు గుర్తుండే ఉంటాయి. డ్రైవర్లు, గార్డులు విధులకు వెంట తీసుకువెళ్ళే ఈ పెట్టెలను రైల్వేవారు లైన్ బాక్సులంటారు. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, ప్రమాద సమయంలో పట్టాలమీద అమర్చే డిటొనేటర్లు, కొద్దిపాటి పనిముట్లు, నిబంధనల పుస్తకాలు వాటిలో ఉంటాయి. పెట్టెమీద తెల్లరంగుతో యజమాని పేరు, హోదా, అతని కేంద్రస్థానం రాసి ఉంటాయి. ఇటీవలి సంవత్సరాలలో వీటి స్థానంలో చక్రాల సంచులు ప్రవేశపెట్టే ప్రయత్నం జరుగుతున్నది. గార్డు సైతం 2022 జనవరి నుంచి ట్రెయిన్ మేనేజరయినాడు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి స్టేషన్‌లో ఇటువంటి పెట్టె గంటల తరబడి ఆరుబయట ఉండవలసి వస్తుంది. అక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. గోరఖ్‌పూర్ 2013లోనూ, హుబ్బళ్ళి 2023లోనూ దానిని మించిపోయేదాకా ప్రపంచంలో అంతటి ప్లాట్‌ఫారం లేదని ఖరగ్‌పూర్ వాసులు ఎంతో గర్వంగా చెప్పుకునేవారు. అంత జనసమ్మర్దంలో ఆ పెట్టెను కాపాడేది దాని బరువూ, తాళమూ మాత్రమే కావు. ఊరూ పేరూ రాసి ఉన్న పెట్టెను ఎత్తుకుపోయినవాడు ఎవరికి అమ్ముకోగలడు?

రైల్వే కర్మాగారాలలో ఇటువంటిదే మరొక ఆనవాయితీ ఉండేది. పనిముట్ల గదినుంచి రెంచి కావాలన్నా, కొలత పరికరం కావాలన్నా కార్మికుడు తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను అక్కడ ఇవ్వాలి. వస్తువు తీసిన మేకుకు ఆ బిళ్ళను తగిలిస్తారు. సాయంత్రం గోడవంక చూస్తే చాలు, ఏ పనిముట్టు ఎవరి చేతిలో ఉన్నదో తెలిసిపోతుంది. కాగితం అక్కరలేని ఈ లెక్క ఎంత తెలివైనదో చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారు తరతరాలుగా ఖరగ్‌పూర్ కర్మాగారాన్ని నమ్ముకుని అక్కడే స్థిరపడ్డారు. ఆ ఇళ్ళలోని పెద్దవారిని కదిపితే ఇటువంటి ముచ్చట్లు ఎన్నో వినవచ్చు.

సర్కారు సొత్తు సంగతి అలా ఉండగా, సొంత పనిముట్టు సంగతి వేరు. నేడు చేతివృత్తులవారిలో చాలామంది తమ దుకాణాన్ని బండిలోనే పెట్టుకుని తిరుగుతున్నారు. ఎ.సి. మరమ్మతు చేసే మెకానిక్, పెళ్ళిళ్ళకు వెళ్ళే ఫోటోగ్రాఫరు, భూమి కొలిచే సర్వేయరు, కచేరీలకు పోయే వయొలిన్ విద్వాంసుడు, అందరూ అంతే. వారి పెట్టె పోతే నష్టపోయేది దాని ఖరీదొక్కటే కాదు. ఒప్పుకున్న పని పోతుంది, బయానా తిరిగి ఇవ్వవలసి వస్తుంది, అప్పు చేసి కొన్న వస్తువైతే వాయిదాలు మాత్రం మిగులుతాయి. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒక మంచి మాట చెబుతున్నది: బాకీ కింద ఆస్తిని జప్తు చేయవచ్చును గాని చేతివృత్తివాని పనిముట్లను ముట్టరాదు. న్యాయస్థానపు డిక్రీ పొందిన ఋణదాతకు సైతం లేని అధికారం దొంగకు రెండు నిముషాలలో దక్కుతున్నది.

అంత నష్టం కలిగించి దొంగ పొందేదేమిటి? 2010లో లండన్ యూస్టన్ రైల్వేస్టేషన్‌లోని ఫలహారశాలలో మిన్-జిన్ కిమ్ అనే ప్రసిద్ధ వయొలిన్ విదుషి కూర్చుని ఉండగా ఆమె వాద్యం మాయమయింది. అది 1696లో స్ట్రాడివరి చేసినది. విలువ 12 లక్షల పౌండ్లు. దొంగలు దానిని అపరిచితుడొకరికి 100 పౌండ్లకు ఇవ్వజూపారు, అతడు వద్దన్నాడు. 2013లో పోలీసులకు వాద్యం దొరికింది. ఈలోగా బీమా సంస్థ పరిహారం చెల్లించింది, ఆ సొమ్ముతో ఆమె మరొక వాద్యం కొనుక్కున్నది. పాతది వేలానికి పోయింది. దొరికినా ఆమె చేతికి తిరిగిరాలేదన్నమాట. దొంగకు వంద, సొంతదారుకు జీవితం. స్టేషన్ వద్ద పోయిన ఏ డ్రిల్లింగ్ మిషన్ విషయంలోనైనా లెక్క ఇదే. అంకెలలో సున్నాలు తగ్గుతాయంతే.

కనుక దొంగతనాన్ని అరికట్టే మార్గాలు రెండు: ఎత్తుకుపోవడం కష్టం చేయడం, అమ్ముకోవడం కష్టం చేయడం. మనవారి శ్రద్ధ అంతా మొదటిదాని మీదనే. రెండవదే మేలైనదని నా అభిప్రాయం. రైల్వేవారిని చూడండి. మరుగుదొడ్డిలోని మగ్గుకు గొలుసు కట్టడం మొదటి పద్ధతి. దానిమీద మనం వేసుకోని హాస్యోక్తి లేదు. బోగీలోని ఫ్యాను సంగతి రెండవది. సాధారణ బోగీలలో ఫ్యాన్లు, దీపాలు 110 వోల్టుల డి.సి. విద్యుత్తుతో పనిచేసేవి. ఇరుసుతో తిరిగే ఆల్టర్నేటరు, బోగీ కింది బ్యాటరీల కారణంగా ఏర్పడిన పద్ధతి అది, దొంగలను దృష్టిలో ఉంచుకుని పెట్టినది కాదు. అయినా ఇంటికి తీసుకుపోయి 230 వోల్టుల కరెంటుకు తగిలిస్తే అది పనికిరాదు గనుక దానికి గిరాకీ లేదు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసింది. దొంగసొత్తని సహేతుకంగా అనుమానించదగిన రైల్వే వస్తువు ఎవరివద్దనైనా దొరికితే, అది తనకు సక్రమంగా వచ్చిందని అతడే నిరూపించుకోవాలి. ఈ చట్టానికి ప్రాణం ఆ వస్తువుమీది ముద్ర. ముద్ర లేనినాడు అది రైల్వేదని ఎవరు చెప్పగలరు?

మరి ప్రయాణికుని సొత్తు పోతే రైల్వే బాధ్యత ఎంత? 1989 నాటి రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం బుక్ చేసి రసీదు పొందని సామానుకు రైల్వే బాధ్యత వహించదు. వెంట ఉంచుకున్న సామాను విషయంలో ఉద్యోగుల నిర్లక్ష్యమో, దుష్ప్రవర్తనో కారణమని ప్రయాణికుడు నిరూపించాలి. 2005లో ఒక వస్త్రవ్యాపారి నడుముకు కట్టుకున్న లక్ష రూపాయలు రైలులో పోయాయి. వినియోగదారుల ఫోరాలు అతని పక్షాన తీర్పు చెప్పాయి. కాని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు, తన సొత్తును తాను కాపాడుకోలేకపోయిన ప్రయాణికుడు రైల్వేను బాధ్యురాలిని చేయజాలడని ఆ తీర్పులను కొట్టివేసింది. పోనీ బ్రేక్‌వ్యానులో బుక్ చేద్దామా అంటే, విలువను ముందుగా ప్రకటించి అదనపు రుసుము చెల్లించకపోతే 1990 నాటి నిబంధనల ప్రకారం పరిహారం కిలోకు 100 రూపాయలు. నాలుగు కిలోల కెమెరా పెట్టెకు నాలుగు వందలు! విలువైన పరికరాన్ని బుక్ చేసేవారు ఆ ప్రకటన పత్రాన్ని అడిగి పూర్తి చేయాలి.

వెంట తీసుకువెళ్ళేవారి సంగతి చూద్దాం. ఖరగ్‌పూర్‌నుంచి విజయనగరం, విశాఖ వైపు రాత్రి బండ్లలో వెళ్ళేవారు ఇది గమనించాలి. కింది బెర్తు అడుగున పెట్టెలను బంధించడానికి కొక్కేలో, వలయాలో ఉంటాయి. స్టేషన్‌లో అమ్మే గొలుసూ తాళమూ వాటికే. గట్టి పెట్టెకు గొలుసు పనిచేస్తుంది. గుడ్డసంచికి వేస్తే పిడీ గొలుసూ మిగిలి లోపలి వస్తువు పోవచ్చు, జిప్పు కోయడానికి బ్లేడు చాలు. చిన్నదీ ఖరీదైనదీ తలకింద ఉండాలి. బరువైనది గొలుసుకు ఉండాలి. బండి ఆగినప్పుడూ, కదలబోయేటప్పుడూ మెలకువగా ఉండడం మంచిది. ఎత్తుకున్నవాడు దిగిపోవడానికి అనువైన క్షణం అదే. ఇంకొక మాట: కెమెరా కంపెనీ పేరు పెద్ద అక్షరాలతో ఉన్న సంచి లోపల ఏమున్నదో ఊరంతటికీ చాటుతుంది. పాత బియ్యపుసంచి రంగులో ఉండే గుడ్డతో దానిని కప్పే ఫోటోగ్రాఫర్లు తెలివిగలవారు.

రోడ్డుమీద వాహనాలలో ఇబ్బంది మరొక రకం. కారు అద్దం పగలడానికి ఒక్క దెబ్బ చాలు. కనిపించే వస్తువే ఆ దెబ్బను ఆహ్వానిస్తుంది. సామాను డిక్కీలో దాచేవారు చాలామంది ఆ పని బండి నిలిపినచోటనే, నలుగురూ చూస్తుండగా చేస్తారు. బయలుదేరేముందే ఇంటివద్ద సర్దుకోవాలి. వ్యానుకు వెనుకతలుపు ఉంటే దానిని గోడకు ఆనించినట్టు నిలపండి. తలుపు తెరవడానికే వీలుండదు. రిమోటు నొక్కి నడిచిపోకుండా తలుపు పిడిని ఒకసారి చేత్తో లాగి చూడండి. రాత్రిళ్ళు సామాను బండిలో ఉంచవద్దని చెప్పడం సులువు. మూడో అంతస్తు అద్దెయింటికి యాభై కిలోల పెట్టెను మోయమనడం కష్టం. అటువంటివారు బండి నేలకు బోల్టులతో బిగించిన ఇనుపపెట్టె చేయించుకోవాలి. ఊళ్ళో తిరిగే టోటో రిక్షాలలో సామాను వెనుక పెట్టి మనం ముందు కూర్చోవడం తగదు. ఇక బీమా: కారు పాలసీ సాధారణంగా కారుకే వర్తిస్తుంది, లోపలి పనిముట్లకు కాదు. పనిముట్లకు విడిగా పాలసీ తీసుకునేవారు ‘మనిషి లేని వాహనం’ గురించిన షరతును సంతకానికి ముందే చదవాలి. ఏజెంటు దానిని తనంతట తాను చదివి వినిపించకపోవచ్చు.

ఇప్పుడు గుర్తు సంగతి. ప్రతి యంత్రంమీదా తయారీదారు వేసిన సీరియల్ నంబరు ఉంటుంది. మన గుర్తు దానికి అదనంగా ఉండాలి. లోహంమీద చెక్కే చిన్న విద్యుత్ కలం దొరుకుతుంది; లేదా అక్షరాల ఉలులతో కొట్టించవచ్చు. ఒకటి కనబడేచోట, మరొకటి కనబడనిచోట. మొదటిది దొంగను నిరుత్సాహపరచడానికి, రెండవది పోలీసులకు చూపడానికి. పూర్తి పేరు అక్కరలేదు, ఇంటిపేరు పొడి అక్షరాలూ ఒక నంబరూ చాలు. కొత్త డ్రిల్లింగ్ మిషన్‌ను గీకడానికి మనసొప్పదని కొందరంటారు. మళ్ళీ అమ్మితే ధర తగ్గుతుందని వారి భయం. తగ్గుతుంది, నిజమే, దొంగకు కూడా తగ్గుతుంది. వాద్యాలకు, కెమెరా కటకాలకు మాత్రం చెక్కడం కుదరదు. వాటికి ఫోటోలే ఆధారం. కర్రలోని చారలు, పాత గీతలు, సొట్టలు దగ్గరగా కనిపించేటట్టు తీసి ఉంచాలి.

ఈ లెక్క ఎప్పుడు రాయాలి? బెంగాల్‌లో సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ జరుగుతుంది. కర్మాగారాలలో ఆనాడు యంత్రాలకు పూలమాలలు వేస్తారు. తెలుగువారికి దసరాలో ఆయుధపూజ ఉండనే ఉన్నది. పనిముట్లన్నీ తుడిచి, బొట్టుపెట్టి ఒకచోట పేర్చే రోజు అదొక్కటే. పసుపు తడి ఆరేలోగా ఒక నోటుపుస్తకంలో వస్తువు, కంపెనీ, నంబరు, కొన్న తేదీ రాసి, రసీదుల నకళ్ళు జతచేయవచ్చు. ఆ పుస్తకాన్ని పెట్టెలోనే ఉంచేవారున్నారు! అది ఇంట్లో ఉండాలి.

ఇంత చేసినా పోతే, ఆ పుస్తకం ఉన్నవాని ఫిర్యాదుకే బలం. రైలులో అయితే 139కి ఫోను చేయాలి. ప్రయాణం మానుకుని దిగనక్కరలేదు, టి.టి.ఇ. వద్దనో, గార్డు వద్దనో ఫిర్యాదు పత్రం తీసుకుని నింపి ఇస్తే తరువాతి రైల్వే పోలీసు ఠాణాకు చేరుతుంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా సమాచారం ఏ ఠాణాలోనైనా ఇవ్వవచ్చు. భద్రక్‌లో పోయినదానికి ఖరగ్‌పూర్‌లో ఫిర్యాదు తీసుకోవలసిందే. అదేనాడు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్, ప్రయాణికులనో సరుకులనో తీసుకుపోయే వాహనంలోనుంచి చేసే దొంగతనానికి ఏడేళ్ళదాకా శిక్ష విధించింది. పాత శిక్షాస్మృతిలో అంతటి శిక్ష ఇంట్లో చేసిన దొంగతనం వంటివాటికి ఉండేది. ఫోను పోతే దాని ఐ.ఎమ్.ఇ.ఐ. నంబరు ఆధారంగా సంచార్ సాథీ పోర్టల్‌లో దానిని పనిచేయకుండా చేయించవచ్చు. పనిముట్లకు అటువంటి సౌకర్యం లేదు. అందువల్ల పాతసామాన్ల దుకాణాలకు, తోటి మెకానిక్‌లకు మీ నంబరు అదేరోజు తెలియజేయాలి. పోయిన డ్రిల్లింగ్ మిషన్‌ను కొనేవాడు మరొక మెకానిక్కే గదా. దొంగసొత్తని తెలిసి కొనడం 317వ సెక్షన్ కింద నేరం. చవకగా వచ్చిన యంత్రంమీద నంబరు గీకివేసి ఉంటే, అది ఎందుకు గీకారో అడగకుండానే కొట్టునుంచి బయటికి వచ్చేయండి.