కడపటి పంక్తి

వయోవృద్ధురాలైన ఒక గృహిణి కన్నుమూసినప్పుడు మన సమాజం పలికే మాటలు దాదాపు ఒక్క తీరుగానే ఉంటాయి. "ఓర్పులో భూదేవి, నోరెత్తి ఎరుగదు, అందరికీ పెట్టి తాను చివర తినేది" అంటారు. ఈ మాటలలో గౌరవం ఉన్నది, కాదనలేము. అయితే వీటి వెంటనే మరొక మాట కూడా వినవస్తుంది: "ఈ కాలపు ఆడపిల్లలకు ఆ ఓర్పు ఎక్కడిది?" అవ్వను పొగడుట, మనుమరాలిని తెగడుట ఒక్క ఊపిరిలోనే జరిగిపోతాయి. ఈ అలవాటు అవ్వకు న్యాయం చేయదు, మనుమరాలికి మేలూ చేయదని నా అభిప్రాయం.

మా దాదీ 2022లో, సుమారు 92 ఏండ్ల వయస్సులో కన్నుమూశారు. ఆమె పుట్టినది, కాపురం చేసినది కర్నూలులోనే. వీధి పిల్లలందరికీ ఆమె జేజి. తాతగారు బట్టల అంగడిలో గుమాస్తా. ఆరుగురు సంతానం, అత్తమామలు, భర్తను పోగొట్టుకొని పుట్టింటికి చేరిన ఒక ఆడబిడ్డ. ఇందరికీ ఒక్క జీతమే ఆధారం. ఆ జీతంతో ఇల్లు నడపడానికి ఓర్పు ఒక్కటే చాలదు, అదొక విద్య. పూటపూటా వండే బియ్యంలోనుండి పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. నెలాఖరున ఆ కుండే ఇంటిని గట్టెక్కించేది. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపరాదన్నది ఆమె నియమం. ఉగాదికి భక్ష్యాలు పంపిన ఇంటికి రంజాను పండుగనాడు షీర్‌ఖుర్మా వెళ్లవలసిందే. ఏమీ లేనినాడు ఆ గిన్నెలో నాలుగు కరివేపాకు రెమ్మలైనా ఉండేవి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించి, కర్నూలు రాజధాని అయినది. కచేరీలు గుడారాలలో నడిచిన ఆ దినాలలో, తమకున్న మూడు గదులలో ఒకదానిని మద్రాసునుండి వచ్చిన ఒక చిరుద్యోగి కుటుంబానికి దాదీ పట్టుబట్టి ఇప్పించారు. ఆ ఇల్లాలి తొలి కాన్పుకు నీళ్లు కాచినదీ, బాలింతకు పథ్యం చూచినదీ ఆమే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు వారూ వెళ్లిపోయారు. కాని ఆ ఇంటి పెండ్లి పత్రికలు మూడు తరాలుగా మా గడపకు వస్తూనే ఉన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాత ఊరిని ముంచెత్తినప్పుడు, 79 ఏండ్ల వయస్సులో మిద్దె ఎక్కుతూ ఆమె చంకన పెట్టుకున్నది నగలు కాదు, మనుమలు మనుమరాండ్ర సర్టిఫికెట్లున్న రేకుపెట్టె.

ఇంత చేసిన మనిషికి ప్రభుత్వ లెక్కలలో దొరికిన స్థానమేమిటి? ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని జనగణన "పనిచేయనివారి" పట్టికలో వ్రాస్తుంది. దాదీ ఖురాన్ పఠించేవారు, ఉర్దూ కూడబలుక్కొని చదివేవారు. వ్రాయడం మాత్రం రాదు. చదవగలిగీ వ్రాయలేనివారు జనగణన నిర్వచనం ప్రకారం అక్షరాస్యులు కారు. 2001 జనగణన గృహిణులను భిక్షకులతో, ఖైదీలతో ఒకే వర్గంలో చేర్చడాన్ని 2010లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం తీర్పులో తప్పుపట్టినది. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపనులు చేసిన స్త్రీలు వాటిపై వెచ్చించిన కాలం రోజుకు సగటున 299 నిమిషాలని, పురుషులది 97 నిమిషాలని తేలినది.

ప్రభుత్వం లెక్కించలేదు సరే, మనం లెక్కించామా? "చివర తినేది" అని మెచ్చుకొనేవారెవ్వరూ, చివర కూర్చున్నవారికి ఏమి మిగిలేదని అడగరు. రొట్టె ఉన్ననాడు కూర ఉండేది కాదు. కూర మిగిలిననాడు రొట్టె ఉండేది కాదు. "నేను చివర తిన్నది ఇష్టమై కాదు బేటా, ముందు తినమని చెప్పేవారు లేక" అని ఆమె ఒకనాడు నవ్వుతూనే అన్నారు. మనం త్యాగమని పేరు పెట్టినదానికి ఆమె పెట్టుకున్న పేరు వేరు.

అందుకే కోడండ్రు ఇంటికి వచ్చిన తరువాత ఆమె ఆ పద్ధతినే మార్చివేశారు. ఒక్క దస్తర్‌ఖాన్ పరచి, ఆడవారూ మగవారూ అందరూ కలిసి కూర్చోవలసిందేనన్నారు. గర్భిణికి మొదటి వడ్డన. పరీక్షల నెలలో మనుమరాండ్రను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. కావలసివస్తే మనుమల చేతికే గరిటె ఇచ్చేవారు. "మగపిల్లలకు వంటిల్లేమిటి?" అని బంధువులు నొసలు చిట్లిస్తే, "ఆకలి ఇద్దరికీ ఉందిగా!" అని తేల్చేవారు. ఆమె గొప్పతనం సహించడంలో మాత్రమే ఉన్నదనుకోరాదు. తాను సహించినదానిని తన తరువాతివారికి ఆస్తిగా పంచి పెట్టకపోవడంలో అంతకంటె ఎక్కువగా ఉన్నది.

కనుక అవ్వలనుండి మనం స్వీకరించవలసినదేదో, వారితోనే ముగిసిపోవలసినదేదో వేరుచేసి చూడాలి. పిడికెడు బియ్యపు పొదుపు, పొరుగు గిన్నె మర్యాద, పరాయి బిడ్డకూ చోటిచ్చే మనస్సు మనం స్వీకరించవలసినవి. అవి ఆడపిల్లలకు మాత్రమే కాదు, మగపిల్లలకూ వారసత్వమే. కడపటి పంక్తి మాత్రం ఎవ్వరికీ వారసత్వం కారాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీ ఇంట నాన్నమ్మో అమ్మమ్మో ఉన్నట్లయితే అది మీ అదృష్టం. ఆమె జీవితాన్ని ఆమె నోటనే విని, ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి ఉంచండి. ఏమి చేశారని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఏమి కోరుకున్నారో కూడా అడగండి. రేపు సంతాప సభలో చెప్పబోయే మంచిమాటలను నేడే ఆమె చెవిన వేయండి. ఈ రాత్రి భోజనాల వేళ మొదటి కంచం ఆమె ముందు పెట్టండి.