అంకెలీయని లెక్క

భౌతికశాస్త్రపు లెక్క యనగానే మన విద్యార్థుల మనస్సునకు తోచు రూప మొక్కటే. ప్రశ్నలో మూడంకె లుండును. పాఠములో నొక సూత్ర ముండును. ఆ యంకెలను సూత్రమున నుంచినచో పుస్తకము చివర నున్న జవాబు వచ్చును. ఇట్టి లెక్కలను వేలకొలది చేసి విశ్వవిద్యాలయమునకు పోయిన యువకుడు, అంకెలే లేని ప్రశ్న యెదురైనపు డేమి చేయును? మొదట సూత్రము వెదకును. అది దొరకకున్న ప్రశ్నయే తప్పనును. ఈ యలవాటు బుద్ధిమాంద్యము కాదనియు, మనము పాఠశాలలో నేర్పి పంపినదే యనియు మా యభిప్రాయము.

అమెరికాలోని పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున చీ, ఫెల్టోవిచ్, గ్లేజర్ అను పరిశోధకులు 1981లో ప్రకటించిన పరిశీలన యొకటి యిచ్చట స్మరింపదగినది. వారు చలనమునకు సంబంధించిన లెక్కలను విద్యార్థుల కిచ్చి, వానిని చేయనక్కరలేదు, పోలికను బట్టి గుంపులుగా వేరుచేయు డనిరి. క్రొత్తవారు ఏటవాలు బల్ల గల లెక్కల నొకచోటను, స్ప్రింగు గల లెక్కలను వేరొకచోటను చేర్చిరి. పరిశోధన చేయుచున్న పెద్ద విద్యార్థులో, శక్తి నిత్యత్వముచే తేలు లెక్క లివి, న్యూటను రెండవ నియమముచే తేలు లెక్క లవి యని విభజించిరి. ఒకరు బొమ్మను చూచిరి. ఒకరు నియమమును చూచిరి. అంకెలీయని ప్రశ్నలో చూచుటకు బొమ్మయే యుండదు గదా!

1938లో నోబెలు బహుమానము నందిన ఎన్రికో ఫెర్మీ, చికాగోలో ఆచార్యుడుగా నున్నపుడు, ఆ నగరమున పియానోలకు శ్రుతి సరిచేయు వారెందరని శిష్యుల నడుగుచుండెడివాడని ప్రసిద్ధి. జనము 30 లక్షలనుకొందము. ఇంటికి నలుగురైన 7,50,000 ఇండ్లు. పదిండ్ల కొక పియానో, ఏటి కొకసారి శ్రుతి యనినచో 75,000 పనులు. ఒక్కడు దినమునకు నాలుగు చొప్పున 250 దినములలో 1,000 చేయును. కావున 75 మంది. వారు ఏబదిమంది కావచ్చును, నూటయేబది కావచ్చును. ఏడుగురును కారు, ఏడువేలును కారు. (ఇట్టి ప్రశ్నలకు సైతము గైడు పుస్తకములు వెలసినవి, లోక మట్టిది.)

పియానో మన యిండ్లలో నరుదు, కూజా కలదు. వసారాలోని కూజాలో 5 లీటర్ల నీ రెంత చల్లబడును? ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. 100 గ్రాములు పోయినచో 58,000 కేలరీలు. అనగా నీరు పదునొకండు, పండ్రెండు డిగ్రీలు చల్లబడవలెను. అట్లయిన 200 గ్రాములు పోయిన 23 డిగ్రీలు తగ్గునా? తగ్గదు. నీరు చల్లబడినకొలది బయటి గాలి వేడి లోనికి వచ్చుచుండును. చల్లని నీ రావిరియగుటయు మందగించును. అనంతపురపు పొడిగాలిలో చల్లబడినంత విశాఖపట్టణపు తేమగాలిలో చల్లబడదు. దేనిని లెక్కింపవలెను, దేనిని విడువవలెను అను విచారణ యిచ్చట మొదలగుచున్నది. నిజమైన భౌతికశాస్త్ర మదియే యని మేమందుము.

ప్రవేశపరీక్షలలో నాలుగు జవాబులలో నొకదానిని గుర్తించుటయే గదా, ఈ కూజా లెక్కలవలన మార్కులు వచ్చునా యని తల్లిదండ్రు లడుగవచ్చును. ఆ భయ మన్యాయమైనది కాదు. సూత్రములను విడువు డని మేము కోరుట లేదు. 580 కేలరీల సంగతి తెలియనివానికి కూజా లెక్కయు రాదు. నెలకొక గంట యిట్టి ప్రశ్నకు కేటాయించిన చాలును. దిద్దుటయు కష్టము కాదు: 75 అని వ్రాసినవానికిని 120 అని వ్రాసినవానికిని, తామనుకొన్నదానికి కారణము చూపిరేని, పూర్తి మార్కు లీయవచ్చును. 7,000 వచ్చినను సందేహింపని వానికే తగ్గింపవలెను.

రాబోవు వేసవిలో కూజాను ఉదయమునను సాయంకాలమునను తూచి, ఉష్ణమాపకముతో నీటిని పరీక్షించి, తమ లెక్కను వ్రాసి పంపు బాలబాలికల వ్యాసములను వచ్చు సంచికలో ప్రకటింతుము. గాలి యెట్లున్నదో కూడ వ్రాయవలెను.